రెండు సగాల ట్యాబ్

“దీంట్ల ఒకటి తెరిస్తే ఇంకోటి ఎటు పోతది సార్?” అని అడిగాను.

కొత్త ట్యాబ్ అప్పటికి ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. పెట్టె మీది ప్లాస్టిక్ కాగితం కూడా ఊడదీయలేదు. నల్లగొండలో మా సంస్థ ఆఫీసు మేడ మీద పన్నెండు మందిమి చాపల మీద కూర్చున్నాం. అందరం ఊర్లలో ఇంటింటికి తిరిగి బోరు నీళ్ళు పరీక్ష చేసే ఆడవాళ్ళమే. నేర్పించడానికి వచ్చిన అఖీల్ సార్ పెట్టెను చేతిలోనే పట్టుకుని నా వైపు చూశాడు.

“ఎటు పోతదమ్మా? ఎనకనే ఉంటది.”

“ఎనక ఉన్నది ముంగటికి రాకపోతే?”

“రాకపోతే పోలీస్ టేషన్ల కంప్లయింట్ ఇద్దాం తియ్ కోమలక్కా,” అంది మునుగోడు నుంచి వచ్చిన ఆమె. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ అని నేనూ నవ్వాను. పెట్టె మీద నుంచి మాత్రం చూపు తీయలేదు.

నా భయం సంగతి వాళ్ళకు కొత్త కాదు. బస్సు ఎక్కేముందు డ్రైవర్‌ది నిద్రమొహమా కాదా అని చూస్తాను. గ్యాస్ బంద్ చేసి తలుపుకు తాళం వేసి, మళ్ళీ తాళం తీసి పోయి చూస్తాను. మా ఆయన ఇస్రాయేలు లారీ నడుపుతాడు. నార్కట్‌పల్లి దాటినాక ఒక మిస్డ్ కాల్ ఇవ్వకపోతే నా కళ్ళకు లారీ బోర్లాపడి చక్రాలు పైకి తిరుగుతూ కనిపిస్తుంది. వందలో తొంభైతొమ్మిది సార్లు ఏమీ కాదు. కానీ ఒకసారి అయింది. మా స్వర్ణకు రెండేళ్ళప్పుడు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. తగ్గినాక పిల్ల పిలిస్తే తిరగడం లేదని నేను మొత్తుకుంటుంటే, ఆటలో పడి ఇంటలేదు, నీకన్నీ అనుమానాలే అన్నారు ఇంట్లో. ఒకరోజు దాని వెనక నిలబడి స్టీలు కంచం ఎత్తి బండ మీద పడేశాను. వాకిట్లో కోళ్ళు కూడా లేచి ఉరికాయి. పిల్ల తిరగలేదు. ఆనాటి నుంచి నా భయాన్ని ఎవరు నవ్వినా నేను తీసిపారేయను.

అఖీల్ సార్‌ను అట్లా అడగడానికి కారణం పాత ట్యాబ్. అది ఇటుకంత బరువు, ఒక మూల పగిలింది, చార్జింగ్ పెడితే సగం పూట పట్టేది. కానీ దాని తెర రెండు సగాలయ్యేది. నడుమ ఒక నల్లగీత వచ్చేది. పై సగంలో ఒకటి, కింది సగంలో ఒకటి. ఆ గీత మీద వేలు పెట్టి జరిపితే ఒక సగం పెద్దదయ్యేది, ఒకటి చిన్నదయ్యేది, కానీ రెండూ ఉండేవి. నాకు రెండూ కావాలి. పై సగంలో స్వర్ణ, కింది సగంలో నీళ్ళ ఫారం.

స్వర్ణకు ఇప్పుడు ఇరవై ఒకటి. మహబూబ్‌నగర్‌లో కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. మైనం మీద పళ్ళు వరుసగా పేరుస్తుంది. దాని చూపు సన్నం, చెయ్యి నిదానం. ఎవరో మొహం తెలియని మనిషి నోట్లో సరిపోయేట్టు పేరుస్తుంది. అక్కడే పనిచేసే జీనత్ అనే పిల్లతో కలిసి ఒక గది కిరాయికి తీసుకుంది. జీనత్‌కు చెవులు బాగానే ఉన్నాయి. అయినా ఆరు నెలల్లో స్వర్ణ చేతి మాటలన్నీ పట్టేసింది.

ల్యాబ్‌లో ఒంటిగంటకు అన్నం బెల్లు. ఒంటిగంటా అయిదుకు స్వర్ణ నాకు వీడియో కాల్ చేస్తుంది. సరిగ్గా ఆ వేళకు నేను మర్రిగూడ చుట్టుపక్కల ఏదో ఊర్లో ఎవరిదో అరుగు మీద ఉంటాను. నా పని ఆగేది కాదు. సీసాలో బోరు నీళ్ళు పోసి మందు చుక్కలు వేస్తే ఎర్రగా ఉన్నది పసుపుకు తిరుగుతుంది. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే అంత పసుపు. చుక్కలు వేసిన అయిదు నిమిషాల్లో రంగు చూసి ఆ అంకె ఫారంలో ఎక్కించాలి. లేటయితే రంగు మారిపోతుంది. ఆ ఇంటి ఫారం ఆ ఇంట్లోనే ఉండి పంపాలి, రెండిండ్లు దాటితే ఫారం తీసుకోదు.

అందుకని ట్యాబ్‌ను బిందెకు ఆనించి, కుడిచేత్తో ఫారం నింపుతూ, ఎడమచేత్తో స్వర్ణతో మాట్లాడేదాన్ని. అది బడిలో నేర్చుకున్న చేతి భాష వేరు. నాతో మాట్లాడేది మా ఇంటి భాష. స్టీరింగ్ తిప్పితే నాయిన. ముక్కుపుల్ల చూపిస్తే జీనత్. అరచేత్తో గుండె మీద మూడుసార్లు కొట్టుకుంటే నేను. గుండె దడదడలాడే మనిషి అని అది పెట్టిన పేరు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ చెప్పి పెట్టింది కాదు, దానంతట అదే పడింది. స్వర్ణ మాట్లాడుతుంటే మొహం తిప్పకూడదు. చెవులున్నవాళ్ళతో అయితే అటు తిరిగి అంట్లు తోముకుంటూ కూడా ఊ కొట్టవచ్చు. దానితో మొహం తిప్పితే మాట తెంపినట్టే, తలుపు మొహం మీద వేసినట్టే. దానికి కోపమొస్తే అదీ అంతే, కళ్ళు మూసుకుంటుంది. ఇక దాన్ని ఏమీ అడగలేం, ఏమీ చెప్పలేం.

అఖీల్ సార్ కొత్త ట్యాబ్ తీసి చూపించాడు. పలచగా, తమలపాకులాగ ఉంది. కింది నుంచి వేలుతో పైకి తోస్తే తెరిచినవన్నీ పేక ముక్కల్లాగ వరుసకు వస్తాయి. కావలసింది ముట్టుకుంటే అది వస్తుంది. వద్దన్నదాన్ని పైకి గీరితే పోతుంది. ఫోన్ మాట్లాడుతూ ఇంకోటి తెరిస్తే, ఫోన్‌లో ఉన్న మనిషి చిన్న బిళ్ళగా మారి ఒక మూలకు పోతుంది. ఆ బిళ్ళను వేలితో ఏ మూలకంటే ఆ మూలకు జరపవచ్చు.

“సగం సగం రాదా సార్?”

“దీని పద్ధతి వేరే అమ్మా. ఇదే మంచిది. తెర మొత్తం మీ ఫారమే ఉంటది, మీ బిడ్డ మూలకుంటది. కండ్లు గుంజవు.”

నాకు మంచిగ అనిపించలేదు. పాతది ఇద్దరన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టుండేది. నడుమ గోడ, ఎవరి పొయ్యి వాళ్ళది, గోడ మీంచి ఒకరికొకరు కనిపిస్తారు. కొత్తదాంట్లో ఒక్కరే ఇంటివాళ్ళు. మిగిలినవాళ్ళు వాకిట్లో నిలబడి పిలిచినప్పుడు లోపలికి రావాలి.

“నాకు పాతదే ఇయ్యరాదుండ్రి.”

“వాపస్ పంపినమమ్మా అన్నీ. జర చూడుండ్రి, నాలుగు రోజులల్ల చెయ్యి తిరుగుతది.”

మూడు రోజులు నేను భయపడి రెండూ ఒకేసారి తెరవలేదు. వేలు జారి స్వర్ణను పైకి గీరేస్తానేమో అని. ఇంట్లో కూర్చుని లెక్కల బొమ్మా, గడియారం బొమ్మా తెరిచి, ఒకదాన్ని ముందుకు, ఒకదాన్ని వెనక్కు తోసి చెయ్యి తిప్పుకున్నాను. ఫోన్ మీద ఫోన్ చేసి ఇస్రాయేలును విసిగించాను. “నీకు లారీ ఇచ్చినా గింత ఫికర్ పడవేమో,” అన్నాడు.

నాలుగో రోజు నర్సింగమ్మ ఇంట్లో ఉన్నాను. నర్సింగమ్మకు డెబ్బై దాటాయి. పాత రోజుల నీళ్ళకు నడుము వంగి, నేలను వెతుకుతున్నట్టు నడుస్తుంది. నోరు మాత్రం వంగలేదు.

“మల్ల షురూ చేస్తవా ఈగలు కొట్టుడు?” అంది నేను ట్యాబ్‌ను బిందెకు ఆనిస్తుంటే. చేతి మాటలకు ఆమె పెట్టిన పేరది.

అప్పుడే చుక్కలు వేశాను. స్వర్ణ కాల్ వచ్చింది. తెర నిండా దాని మొహం. ఏడ్చి కడుక్కున్న మొహం.

“ఏమైంది?”

గబగబా చెప్పింది. ల్యాబ్‌కు కొత్తగా ఒక ఇన్‌చార్జి వచ్చాడట. స్వర్ణ నవ్వినప్పుడల్లా వాడు తన పళ్ళు చూపించి, వాటి మీద గీతలు గీసినట్టు వేలితో చేస్తాడట. మా నీళ్ళు తాగి పెరిగిన పళ్ళు, చారలు ఎందుకుండవు? పళ్ళు చేసే ల్యాబ్‌లో గోధుమరంగు పళ్ళ పిల్ల ఉంటే గిరాకీ పోతుందని అందరి ముందు అన్నాడట. దాని గొంతును కూడా అనుకరించాడట. అది వినలేదు. మిగతావాళ్ళ మొహాలు చూసి తెలుసుకుంది. పది రోజుల నుంచి అందరికీ వీపు చూపించి గోడ వైపు తిరిగి అన్నం తింటున్నానంది.

సీసాలో రంగు తిరుగుతోంది. అయిదు నిమిషాలు. నేను కింది నుంచి వేలు తోసి ఫారం తెరిచాను. స్వర్ణ బిళ్ళయి కుడివైపు పై మూలకు పోయింది. పోలేదు, ఉంది. నా గుండె నిమ్మళమైంది. బిళ్ళలో దాని చేతులు చీమల కాళ్ళంత కనిపిస్తున్నాయి. ట్యాబ్‌ను వంగి దగ్గరగా చూశాను.

“అమ్మా, నేను ఇంటికి రానా?” అని అడిగింది. అడిగి చేతులు అట్లాగే గాలిలో ఆపింది.

ఆ మాట కోసం నేను రెండేళ్ళ నుంచి చూస్తున్నాను. అది వెళ్ళిన రోజు నుంచి ప్రతి దినం ఆ ఊర్లో ఏమైతదో అని చూస్తూ ఉన్నదాన్ని. ఎడమచేత్తో చెప్పాను: “రా. ఇయ్యాల్నే రా.” అది కదలకుండా చూస్తోంది. మళ్ళీ చెప్పాను. మూడోసారి కూడా చెప్పాను. మధ్యలో ఒక్కసారి సీసా వైపు చూసి కుడిచేత్తో అంకె ఎక్కించాను. తల ఎత్తేసరికి అది ఇంకా చూస్తూనే ఉంది. తర్వాత మెల్లగా చేతులు దించింది. బిళ్ళ మాయమైంది.

బట్టలు సర్దుకోవడానికి లేచిందనుకున్నాను.

“ఏమంటది పిల్ల?” అంది నర్సింగమ్మ.

“ఇంటికొస్తనంటది.”

“రమ్మన్నవా?”

“రమ్మన్న.”

“మంచిగ చేసినవ్. ఈగలు కొట్టుడు ఇగ ఇంట్లనే కొట్టుకోండ్రి.”

దారిలో కోడిగుడ్లు కొన్నాను. స్వర్ణ పరుపు ఎండలో వేసి దులిపాను. సాయంత్రం దేవరకొండ బస్సులు రెండూ వచ్చాయి. రెండింటిలోంచీ ఎవరెవరో దిగారు. నేను ఫోన్ చేస్తే మోగకుండానే ఆగిపోతోంది. మెసేజ్ పంపితే ఒక్క టిక్కు గీతే పడుతోంది, చేరినట్టు రెండోది రావడం లేదు. చేతులతో చెప్తూ వీడియో తీసి పంపాను, దానికీ ఒక్క గీతే. దారిలో ఏమైందో, బస్సు ఏమైందో, కల్వకుర్తి దగ్గర ఎక్కడ దిగిందో అని నాకు ఒళ్ళంతా చెమటలు. జీనత్‌కు ఫోన్ చేశాను.

“రూంల్నే ఉంది ఆంటీ. అన్నం వండుతుంది.”

“ఇంటికొస్తనన్నది గద.”

“రానన్నది. మిమ్మల్ని బ్లాక్ చేసింది ఆంటీ. మీరు మొకం తిప్పుకున్నరంట.”

“నేనెప్పుడు తిప్పుకున్న? చూసుకుంటనే ఉన్న.”

“నాకేం తెలుస్తది ఆంటీ. అడుగుతుంటెనే మొకం తిప్పుకున్నరని అంటది. మల్ల అడిగితే కండ్లు మూసుకుంటది.”

“రమ్మన్న అని చెప్పు బిడ్డా. మూడు సార్లు రమ్మన్న.”

“చెప్పిన. అబద్ధమంటది.”

ఆ దినాన్ని నేను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో లెక్కలేదు. మొహం ఎప్పుడు తిప్పాను? సీసా వైపు చూసిన ఆ ఒక్క క్షణమే. అంతే అయి ఉంటుంది. జీవితంలో ఒక్కసారి అది తనంతట తాను ఇంటికి రానా అని అడిగితే, తల్లి నీళ్ళ రంగు చూసుకుంది. ఆ క్షణం ఎంతసేపు ఉందో నాకు తెలియదు. రోజు రోజుకూ అది పెద్దదవుతూ పోయింది. మొదట రెప్పపాటే అనుకున్నాను. నాలుగైదు రోజులయ్యేసరికి ఆ పూటంతా నేను సీసానే చూశానేమో అనిపించింది.

తొమ్మిది రోజులు. ఉదయం సాయంత్రం జీనత్‌కు ఫోన్.

“ఉందా?”

“ఉంది ఆంటీ.”

“తింటుందా?”

“తింటుంది.”

“ఒక్కతే ఏడికన్న పోతుందా? మిద్దె మీదికి పోనియ్యకు.”

“మిద్దెకు తాళం ఉంటది ఆంటీ. మీరు జర నిమ్మళంగుండుండ్రి.”

ఒంటిగంటకు ఎవరో ఒకరి అరుగు మీద కూర్చుంటాను. ట్యాబ్ బిందెకు ఆనించి ఉంటుంది. తెర మొత్తం ఫారమే. నాలుగు మూలలూ ఖాళీ. అంత జాగాతో ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. ఎడమచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో అంకెలు ఎక్కించి, లేచి ఇంకో ఇంటికి పోయేదాన్ని. ఇంటికొస్తే మాట్లాడేవాళ్ళు లేరు. మాట్లాడక మాట్లాడక చేతులకు కూడా నోరు ఎండిపోయినట్టుండేది. ఒకరోజు నర్సింగమ్మే అంది, “ఈగలు కొట్టకుంటే నీ మొకం చూడబుద్ధయితలేదే.”

పదో రోజు మధ్యాహ్నం ఇస్రాయేలు వీడియో కాల్ చేశాడు. ఎక్కడో హోటల్ ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో బీడీ. నేను వేరే ఊర్లో ఒక ఇంటి వాకిట్లో ఉన్నాను, చుక్కలు వేసేశాను.

“పిల్ల మాట్లాడిందా?”

“లేదు.”

“చిన్నపిల్ల కాదు. కోపం అదే దిగుతది. నువ్ తిన్నవా?”

ఫారం తెరిచాను. ఇస్రాయేలు బిళ్ళయి మూలకు పోయాడు. బీడీ పొగ ఊదాడు.

“తిన్న,” అన్నాను.

“ఏమే, ఏడికి పోయినవ్?”

“ఏడికి పోలే. ఈడనే ఉన్న.”

“కనపడుతలేవు. నల్లగయింది.”

“నేను నిన్ను చూస్తనే ఉన్న. బీడీ తాగుతున్నవ్ గద. ఎనక గేదె ఉంది.”

“నీకు నేను కనపడుతున్ననేమో. నాకు నువ్ లేవు. నల్లగై ఏందో ఇంగ్లీషుల రాసొచ్చింది.”

నా చెయ్యి ఆగిపోయింది. ఫారం మూసి ఆయన బిళ్ళను ముట్టుకున్నాను. మళ్ళీ తెర నిండా వచ్చాడు.

“ఇగో వచ్చినవ్,” అన్నాడు.

ఫారం తెరిచాను.

“పోయినవ్.”

మూశాను.

“వచ్చినవ్. ఏం ఆటలే మిట్టమధ్యాహ్నం?”

ఆ ఇంటామె మంచినీళ్ళు తెచ్చి నా పక్కన నిలబడింది. నేను గ్లాసు అందుకోలేదు. ఇస్రాయేలుకు నోరుంది, నల్లగయిందన్నాడు. నాకు చెవులున్నాయి, విన్నాను. స్వర్ణ ఏం అంటుంది? ఇంటికి రానా అని అడిగేసరికి తెర నల్లగా ఉంది, దానికి అది తల్లి మొహం తిప్పినట్టే. ఆ నల్లటి తెర వైపు అది అంతసేపు చూస్తూ కూర్చుంది. ఇటువైపు దాని మొహాన్ని చూస్తూ, నన్నే చూస్తోందని నేను అనుకున్నాను. రమ్మని మూడుసార్లు చెప్పాను. ఒక్కటీ చేరలేదు.

ఇస్రాయేలుకు చెప్పాను. ఆయన బీడీ పారేశాడు.

“జీనత్‌కు చెప్పరాదు. అది చెప్తది.”

“వేరేటోళ్ళ చేతులతోని చెప్తే నమ్మదు. ఒకసారి చెప్పించిన, అబద్ధమన్నది.”

అఖీల్ సార్‌కు ఫోన్ చేశాను. ఆయన తన ట్యాబ్ తెచ్చుకుని అక్కడే ఉన్న ఇంకొకరికి ఫోన్ చేసి చూసుకున్నాడు. నాకు ఫోన్‌లో వేళ్ళ చప్పుడు వినిపిస్తోంది.

“అవునమ్మా. ముంగటున్నదానికే కెమెరా ఇస్తది ఇది. ఎనకకు పోతే అవతలోళ్ళు మనకు కనపడుతరు, మనం వాళ్ళకు కనపడం. పాతదాంట్ల రెండు సగాలు ముంగటనే ఉండె, గందుకు తెల్వలే. నేను గిది చూసి చెప్పవలసింది. మాట్లాడెటోళ్ళకు గొంతు ఇనపడుతది గద, ఎవ్వలు పట్టించుకోలే.”

మరునాడు లీవు పెట్టి బస్సెక్కాను. దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల. ట్యాబ్‌ను తువాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. కుదుపు వచ్చినప్పుడల్లా చార్జింగ్ ఎంతుందో చూసుకున్నాను. ఫోన్ కలవకపోతే? దాన్ని చూడగానే అది లేచి పోతే? అసలు రమ్మని చెప్పినా చెప్పకపోయినా దానికి ఇప్పుడు ఒకటే అయితే?

ల్యాబ్ ఒక మందుల దుకాణం మీద ఉంది. మెట్లెక్కుతుంటే మైనం కాగిన వాసన. అన్నం వేళ. పొడవాటి బల్ల మీద ఏడెనిమిది మంది టిఫిన్లు విప్పుకుని కూర్చున్నారు. స్వర్ణ గోడ వైపు తిరిగి ఉంటుందనుకున్నాను. లేదు. బల్ల నడుమ, అందరి మొహాలు కనిపించేచోట కూర్చుంది.

నన్ను చూసింది. చేతిలో ముద్ద అట్లాగే ఉంది. తర్వాత కళ్ళు మూసుకుంది.

ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. దాన్ని ముట్టుకోలేదు. చిన్నప్పుడైతే గదువ పట్టుకుని ఇటు తిప్పేదాన్ని. ఇప్పుడు అది నా చేతిలో లేదు. పక్కనున్నవాళ్ళు మాటలు ఆపారు. ఆ నిశ్శబ్దం దానికి తెలియదు, నాకే తెలుసు.

“జీనత్, నీ ఫోన్ తియ్యి బిడ్డా. నేను చేస్త, ఎత్తి దాని ముంగట పెట్టు.”

జీనత్ తన ఫోన్‌ను స్వర్ణ టిఫిన్ గిన్నెకు ఆనించింది. నేను ట్యాబ్‌ను ఇంకో గిన్నెకు ఆనించి కాల్ చేశాను. ఆ ఫోన్‌లో నా మొహం వచ్చింది. మనిషి ఎంతసేపని కళ్ళు మూసుకుంటుంది? అన్నం ముందుంది. స్వర్ణ కళ్ళు తెరిచేసరికి నేను రెండు చోట్ల ఉన్నాను, ఫోన్‌లో ఒకటి, ఎదురుగా ఒకటి.

ఎడమచేత్తో చెప్పాను: “రా. ఇయ్యాల్నే రా.” రెండు చోట్లా చెయ్యి కదిలింది. అప్పుడు కుడిచేత్తో ఫారం తెరిచాను.

ఫోన్ నల్లబడింది. నేను ఆపలేదు. రా, ఇయ్యాల్నే రా అంటూనే ఉన్నాను. స్వర్ణ ఫోన్ వైపు చూసింది, నా చెయ్యి వైపు చూసింది, మళ్ళీ ఫోన్ వైపు. ఫారం మూశాను, ఫోన్‌లోకి వచ్చాను. తెరిచాను, పోయాను. చెయ్యి మాత్రం ఆపలేదు.

అది ముద్ద గిన్నెలో వేసి, బల్ల మీంచి వంగి ట్యాబ్ లాక్కుంది. మూలన బిళ్ళలో దాని మొహమే ఉంది, అన్నం మెతుకు అంటిన గదువతో సహా. ఆ బిళ్ళను వేలితో ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపింది. పెద్దది చేసింది. మళ్ళీ ఫారం తెరిచి ఫోన్ వైపు చూసింది. నాకంటే తొందరగా అర్థమైనట్టుంది. అయినా నాలుగైదు సార్లు చేసింది. తర్వాత ట్యాబ్‌ను బల్ల మీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చుంది.

మిగతావాళ్ళు టిఫిన్లు మూసి ఒక్కొక్కరూ లేచారు. తెల్ల చొక్కా తొడిగిన ఒకడు లోపలి గది నుంచి వచ్చి, మా వైపు చూసి, చేతులు కడుక్కుని వెళ్ళాడు. ఆ ఇన్‌చార్జి వాడేనని నాకు తెలిసిపోయింది.

జీనత్ నా చెవి దగ్గరికి వంగింది. “పోయిన సోమవారం ఆయన్ని అడిగేసింది ఆంటీ, ల్యాబ్ సేటు ముంగట్నే. మీ ల్యాబ్ పండ్లు మంచియి కావల్నా, చేసెటోళ్ళ పండ్లు మంచియి కావల్నా అని. చేతులు దానియి, నోరు నాది. అప్పటిసంది ఆయన సప్పుడు చేస్తలేడు.”

బాధపడాలో సంతోషపడాలో తెలియక జీనత్ వైపు తల ఊపాను. పది రోజుల నుంచి నేను మిద్దె తాళాల గురించి అడుగుతున్నాను. ఈ మాట నాకెవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

స్వర్ణ ఇంకా ట్యాబ్‌నే చూస్తోంది. తెర చీకటి పడింది. బల్లను అరచేత్తో మెల్లగా తట్టాను. ఆ అదురుకు తల ఎత్తింది.

రెండు చేతులతో అడిగాను. “ఆ దినం అడిగినవ్. అప్పుడే రమ్మన్న. ఇప్పుడు మల్ల చెప్తున్న. వస్తవా?”

చేతులు దించుకుని కూర్చున్నాను. అది నా మొహం చూస్తోంది, నేను దాని మొహం చూస్తున్నాను. అన్నం బెల్లు అయిపోయిందన్నట్టు లోపల మిషన్లు మొదలయ్యాయి. ఎవరో నీళ్ళ కుండ మీద గ్లాసు బోర్లించారు. జీనత్ లేచి తన టిఫిన్ తీసుకుని పోయింది. నేను కన్నార్పడానికి కూడా భయపడ్డాను.

స్వర్ణ కొంగున చేతులు తుడుచుకుంది. రెండు చేతుల వేళ్ళూ కలిపి, విడదీసి, చాలా మెల్లగా, ఎవరికో నేర్పుతున్నట్టు చెప్పింది.

“ఆ దినం నీ చెయ్యి కనపడితే వస్తుంటి. ఇప్పుడు రాను. రేపు ఒంటిగంటకు చేస్త, ఫారం తెరవకు.”